ముట్టని సూది

ఆనందకుమారి ఇంజెక్షన్ చేస్తే నొప్పి తెలియదని వార్డంతా చెప్పుకునేది. ఇదేదో మొహమాటానికి అన్న మాట కాదు. సూదిని చూస్తే చాలు చెమటలు పట్టే పంజాబీ పహిల్వాన్లు కూడా ఆవిడకు భుజం అప్పజెప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి "హో గయా, సిస్టర్?" అని అడిగేవాళ్ళు. అప్పటికే ఆవిడ దూది పారేసి, పక్క మంచం దగ్గర ఇంకొకరి జ్వరం చూస్తూ ఉండేది. నరసాపురంలో నర్సింగు చదువుకుని ఢిల్లీ వచ్చిన మనిషి. ఆ కుడిచెయ్యే ఆవిడకు అన్నం పెట్టింది, ఆసుపత్రి వెనక క్వార్టరు ఇచ్చింది, నలుగురిలో పేరు తెచ్చింది. ఆ చేతిని గురించి ఆవిడ ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎందుకు ఆలోచిస్తుంది? ఉన్నదాన్ని గురించి ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

ఆ చెయ్యే మోసం చేసింది. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. ఢిల్లీ చలికి ఎవరికైనా అంతేలే అనుకుంది. ఎండాకాలం వచ్చినా తిమ్మిరి పోలేదు. మందు సీసాలు చేతిలోంచి జారిపడడం మొదలైంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి భర్తను పిలవాల్సి వచ్చింది. మెడలో ఎముక పెరిగి లోపలి నరాన్ని నొక్కేస్తోందని, ఆ ఎముక తీసేయకపోతే చేతులతో పాటు కాళ్ళూ పడిపోతాయని ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే సర్జన్ భల్లాగారు తేల్చి చెప్పారు. డెబ్బై ఎనిమిది డిసెంబరులో ఆపరేషన్ అయింది. మెడ వెనక నిలువునా కోసి, ఎముక చెక్కి, మళ్ళీ కుట్టి, కదలకుండా గడ్డం కింద నుంచి గట్టి పట్టా బిగించారు.

మెలకువ వచ్చాక ఆవిడ మొట్టమొదట చేసిన పని కుడిచేతి వేళ్ళు కదపడం. కదిలాయి. బొటనవేలికి దుప్పటి గరుకు తగిలింది. "దేవా, స్తోత్రం" అనుకుని పడుకున్నచోటే ఏడ్చేసింది. మొదటి నాలుగు రోజులూ నిజంగానే బాగుంది. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

భల్లాగారు రోజూ పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చి పిన్నీసు తీసేవారు. రోగి కళ్ళు మూసుకోవాలి. ఆయన ఒకసారి పిన్నీసు మొనతో, ఒకసారి దాని గుండ్రటి తలతో వేళ్ళ మీద అద్ది, "అబ్?" అని అడుగుతారు. ఇప్పుడేం తెలిసింది అని. మొన తగిలితే షార్ప్ అనాలి, తల తగిలితే బ్లంట్ అనాలి. అంతే పరీక్ష. ఆనందకుమారి పదిహేనేళ్ళుగా ఆయన పక్కన ట్రే పట్టుకుని నిలబడి ఈ పరీక్ష చూసిన మనిషి. ఆయన బొటనవేలితో మొదలుపెట్టి చిటికెనవేలి దాకా వెళతారని తెలుసు. పిన్నీసు తిప్పినప్పుడల్లా ఆయన చేతి కడియం గడియారానికి తగిలి టిక్కుమంటుందనీ తెలుసు. టిక్కుమంటే మొన పోయి తల వచ్చిందన్నమాట. మళ్ళీ టిక్కుమంటే మొన.

ఐదో రోజు పొద్దున ఆయన "అబ్?" అన్నారు. ఆనందకుమారికి ఏమీ తెలియలేదు.

ఇంకోసారి "అబ్?" అన్నారాయన, కొంచెం గట్టిగా. ఆవిడకు ఒక్క క్షణంలో ఎన్నో గుర్తొచ్చాయి. మెడ రెండోసారి కోసిన మనుషుల్ని ఆవిడ తన చేతులతోనే చూసుకుంది. వాళ్ళకు వీపు పుళ్ళు కడిగింది, గొట్టాలు మార్చింది, నోట్లో గంజి పోసింది. అందులో కొందరు లేచి నడిచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కానీ భయపడ్డ మనిషికి నడిచి వెళ్ళినవాళ్ళు గుర్తుంటారా? లేవనివాళ్ళే వరసగా కళ్ళ ముందు నిలబడ్డారు. ఇప్పుడు తెలియడం లేదంటే మళ్ళీ థియేటరుకే తీసుకెళతారు.

"షార్ప్" అంది.

టిక్కుమంది. "బ్లంట్" అంది. టిక్కుమంది. "షార్ప్, డాక్టర్‌సాబ్."

"షాబాష్, సిస్టర్!" అని భల్లాగారు పిన్నీసు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. వేరే రోగి అయితే ఆయన అడ్డంగా, తిరగేసి, ఇంకో నాలుగు రకాలుగా అడిగేవారేమో. మన సిస్టరే కదా, మనతో అబద్ధమెందుకు చెబుతుంది అనుకున్నారు పాపం.

ఒక్క రోజు గడువు కోసం చెప్పిన మాట అది. రేపటికి తిమ్మిరి దిగిపోతుందని, దిగాక ఇక అబద్ధంతో పనుండదని ఆవిడ లెక్క. రేపు దిగలేదు. ఎల్లుండీ దిగలేదు. అబద్ధం మాత్రం రోజూ పొద్దున్నే భల్లాగారితో పాటు వచ్చి మంచం పక్కన కూర్చునేది.

ఇక్కడ ఆవిడ భర్త యెషయా గురించి చెప్పాలి. ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో టైమ్‌కీపరు. మంచివాడు, నిదానస్తుడు, కానీ సంఘం అంటే ప్రాణం. కరోల్ బాగ్ దగ్గర ఒక చర్చిని ఆదివారం సాయంత్రాలు తెలుగు ఆరాధనకు ఇచ్చేవారు. గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి వచ్చిన నర్సులు, కాంపౌండర్లు, ఆఫీసుల్లో చిన్న ఉద్యోగులు అందరూ అక్కడ చేరేవాళ్ళు. యెషయా ఆ సంఘానికి పెద్ద. ఆనందకుమారి ఆపరేషన్ రోజున సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్న ముసలమ్మలున్నారు. అలాంటప్పుడు, నాలుగో రోజున భార్య నవ్వుతూ వేళ్ళు కదిపి చూపిస్తే ఆ మనిషి ఊరుకుంటాడా? ఆదివారం లేచి నిలబడి, "దేవుడు మన మొర ఆలకించాడు. మా ఆనందం చేతికి స్పర్శ వచ్చింది" అని చెప్పేశాడు. అంతటితో ఆగలేదు. కట్లు విప్పి ఇంటికి రాగానే కృతజ్ఞతా కూడిక పెట్టుకుందామని, ఆవిడే వచ్చి సాక్ష్యం చెబుతుందని కూడా మాటిచ్చేశాడు.

ఆ సంగతి మర్నాడు యెషయా మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"అప్పుడే ఎందుకు చెప్పారండీ? పూర్తిగా తగ్గాక చెప్పుకోవచ్చుగా?"

"తగ్గిందిగా! డాక్టరే షాబాష్ అన్నాడంట. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు, ఆనందం."

ఆవిడ మెడపట్టాలో తల తిప్పలేక, కళ్ళు మాత్రం గోడవైపు తిప్పుకుంది. చెబుదామనే అనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మనిషి ముఖం అంత వెలిగిపోతుంటే ఏమని చెబుతుంది?

జనవరిలో ఇంటికి వచ్చింది. తిమ్మిరి వేళ్ళు దాటి మణికట్టు దాకా ఎక్కింది. ఎడమచేత్తో తినడం అలవాటు చేసుకుంటూ, యెషయా ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం చెంచా కుడిచేతికి మార్చుకునేది. చీరకు పిన్ను పళ్ళతో పట్టుకుని పెట్టుకునేది. ఒకరోజు ఎడమచేత్తో దేవుని వాక్యం పట్టుకుని చదవబోతే కుడిచేత్తో పుటలు తిప్పడం రాలేదు. పెదవులతో తిప్పింది. ఆ పుట తడి అయితే, దాన్ని చూసి, తానొక్కతే ఉన్న ఇంట్లో ఆవిడ గట్టిగా అరిచింది. "ఎందుకయ్యా నాకు? ఎవరికి కీడు చేశాను? కాళ్ళు తీసుకో, కళ్ళు తీసుకో, ఈ చెయ్యే ఎందుకు?" పక్క క్వార్టరులో రేడియో మోగుతూనే ఉంది.

కూడిక రోజు వచ్చింది. చర్చి నిండిపోయింది. ఆనందకుమారి మెడపట్టాతో, ఇస్త్రీ చీరలో, వేదిక ముందు నిలబడింది. ఏం చెప్పాలో యెషయా దారిలో చెబుతూనే ఉన్నాడు, ఆవిడ వింటూనే ఉంది. తీరా నిలబడ్డాక, ముందు వరసలో ఉపవాసం ఉన్న ముసలమ్మల్ని చూసింది. వాళ్ళు అప్పుడే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

"మీ ప్రార్థనల వల్ల నేను ఇక్కడ నిలబడి ఉన్నాను" అంది. అది నిజమే. "నా చెయ్యి నాకు తిరిగి వచ్చింది" అంది. అది నిజం కాదు. "హల్లెలూయ" అన్నారందరూ. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఆ తరువాత అసలు శిక్ష మొదలైంది. మన సంఘాల్లో ఆరాధన అయ్యాక ఒక్కరూ ఊరికే వెళ్ళరు కదా. వరసగా వచ్చి చెయ్యి కలిపి "వందనాలమ్మా" అంటారు. ఆవేళ బాగుపడ్డ చేతిని ముట్టుకోవాలని ప్రతివాళ్ళూ వచ్చారు. ఆవిడ కుడిచెయ్యి చాచింది. పట్టుకున్నారో లేదో తెలియదు. వదిలారో లేదో తెలియదు. మెడపట్టా వల్ల కిందికి చూడడానికి వీల్లేదు. ఎదుటివాళ్ళ ముఖం చూసి, నవ్వు చల్లబడితే వదిలేశారని పోల్చుకుని తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక ముసలమ్మ చెయ్యి వదిలి రెండడుగులు వేశాక కూడా ఆవిడ చెయ్యి అలాగే గాలిలో చాచి ఉంది. అందరూ వెళ్ళాక యెషయా వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు నిలబడ్డాడు.

"బస్సు తప్పిపోద్ది, పదండి" అంది ఆవిడ.

బస్సు దిగి క్వార్టర్ల వైపు నడుస్తుంటే వెనక నుంచి పల్లీలమ్మేవాడు అరిచాడు. "బహన్‌జీ! ఓ బహన్‌జీ! చప్పల్!" ఇద్దరూ ఆగారు. వాడు ఆవిడ కుడికాలి చెప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎప్పుడో జారిపోయింది. ఎముకలు కొరికే చలిలో, ఆ గులకరాళ్ళ దారిలో, ఆవిడ ఒట్టికాలితో నడిచి వచ్చింది. ఆ సంగతి కాలికి తెలియలేదు.

"కూడికలో నిలబడి నిలబడి కాలు తిమ్మిరెక్కింది" అంది ఆనందకుమారి. నర్సుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి అయిపోయింది, కాలు మొదలైందన్నమాట. మెడలో మళ్ళీ ఏదో నొక్కుతోంది. ఇంత తెలిసిన మనిషి ఏం చేయాలి? ఆ క్షణమే తిరిగి ఆసుపత్రికి నడవాలి. ఆవిడేం చేసిందో తెలుసా? మర్నాడు అలమరలోంచి కట్టుగుడ్డ తీసి, చెప్పును పాదానికి కట్టేసుకుంది. ఈ ఆడమనిషికి బుద్ధి లేదా అని మీరంటారు. బుద్ధి ఉంది. దానికన్నా భయం పెద్దదైపోయింది.

ఆ శుక్రవారం భల్లాగారికి చూపించుకోవాలి. ఆవిడ చీర కుచ్చిళ్ళు కిందికి దించి, చెప్పు కట్టు కనబడకుండా, గోడ పక్కనే నడుచుకుంటూ వెళ్ళింది. బయట రోగులు గుంపులుగా ఉన్నారు. ఆయన నిలబడే పిన్నీసు తీశారు. "అబ్?" టిక్కు. "అబ్?" టిక్కు. ఒక్కటీ తప్పలేదు ఆవిడ.

"పట్టు కొంచెం తక్కువగా ఉంది. ధీరే ధీరే ఆయేగా, మెల్లగా అదే వస్తుంది" అన్నారాయన. "సోమవారం నుంచి ఫిట్ రాసేస్తాను, సిస్టర్. వార్డులో అందరూ మీ ఇంజెక్షన్ కోసమే అడుగుతున్నారు."

ఫిట్! ఆవిడ కోరుకున్నదే. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. సోమవారం ట్రే చేతికిస్తారు. సిరంజి చేతికిస్తారు. ఈ చచ్చిన చేత్తో ఎవరి భుజంలో సూది దించుతుంది? ఎముక ఎక్కడుందో, నరం ఎక్కడుందో వేలికి తెలియకపోతే ఎంత లోతుకు దించుతుంది? కళ్ళు మూసుకుని నమ్మకంగా భుజం ఇచ్చే ఆ పిచ్చివాళ్ళకు ఏం చేస్తుంది? "సోమవారానికి వచ్చేస్తుంది" అని పైకే అనుకుంది. అలా అంటుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

ఆదివారం మధ్యాహ్నం రెబ్కా వచ్చింది. భీమవరం దగ్గరి పిల్ల. నర్సుగా చేరిన కొత్తల్లో ఆనందకుమారి కిందే పని నేర్చుకుని, ఇప్పుడు అదే వార్డులో చేస్తోంది. అక్కా అక్కా అంటూ చనువుగా తిరిగే మనిషి. గోంగూర పచ్చడి సీసా బల్ల మీద పెట్టి, ఎండలోకి కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడ కాలి వంక చూసింది.

"ఇదేంటక్కా? చెప్పుకి కట్టు కట్టారు?"

"జారిపోతోందే. చలికి కాళ్ళు కొంకర్లు పోతన్నాయి."

"జారితే తెలీదా ఏంటి?"

"నీకెందుకే ఆ ఆరాలు? వెళ్ళి కాఫీ పెట్టు. నాకూ ఇంత పొయ్యి."

రెబ్కా లేవలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ, "కళ్ళు ముయ్యండక్కా" అంది.

"పోవే! మొన్ననే భల్లాగారు చూసి ఫిట్ అన్నారు."

"ఆయన చూస్తే నేను చూడకూడదా? మీ దగ్గర నేర్చుకున్నదాన్నేగా. ఒక్క నిమిషం. ముయ్యండి."

కాదంటే అనుమానం వస్తుంది. ఆనందకుమారి కుడిచెయ్యి బల్ల మీద చాపి కళ్ళు మూసుకుంది. రెబ్కా గాజులూ గడియారమూ తీసి పక్కన పెట్టిన చప్పుడైంది. ఇక ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. టిక్కు లేదు. ఆనందకుమారి చెవులు రిక్కించింది.

"ఇప్పుడు?"

మొదట మొనతోనే మొదలుపెడతారు. "షార్ప్."

"ఇప్పుడు?"

"షార్ప్."

"ఇప్పుడు?"

ఇక తిప్పి ఉంటుంది. "బ్లంట్."

"ఇప్పుడు?"

"షార్పే. చాల్లే, ఇక ఆపు."

ఆనందకుమారి కళ్ళు తెరిచింది. ఎదురుగా రెబ్కా తన రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంది. పిన్నీసు బల్ల మీద, మూసినది మూసినట్టే ఉంది. ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఒక్కసారి కూడా ముట్టుకోలేదక్కా."

ఆనందకుమారి ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"మీరే నేర్పారు" అంది రెబ్కా ఏడుస్తూనే. "రోగికి కళ్ళు మూయించి అడిగేటప్పుడు, మధ్యలో ఒకసారి ముట్టుకోకుండా అడుగు అన్నారు. ముట్టకపోయినా తెలిసిందంటే ఆ మనిషి భయపడి చెబుతున్నట్టు. తిట్టకు, వెంటనే డాక్టరుకి చెప్పు అన్నారు. మీరన్న మాటే కదక్కా ఇది!"

"రెబ్కా! నీ కాళ్ళు పట్టుకుంటానే. చెప్పకే" అంది ఆనందకుమారి. కుర్చీలోంచి లేవబోతే కుడికాలు మాట వినలేదు, బల్ల పట్టుకుని ఒరిగిపోయింది. "మళ్ళీ కోస్తే నేను లేవను. నాకు తెలుసు. ఎంతమందిని చూడలేదు మనం? వాళ్ళ మంచాల్లో నన్ను పడుకోబెడతారా? నువ్వొచ్చి నాకు నోట్లో గంజి పోస్తావా?"

"కొయ్యకపోతే లేస్తారా? కాలు పడిపోతోందిగా! రేపు రెండోది. ఎల్లుండి ఊపిరి. అప్పుడేం చేస్తారు?"

"సంఘంలో సాక్ష్యం చెప్పానే! దేవుడి పేరు పెట్టి చెప్పాను. ఆ ముసలాళ్ళు నా చెయ్యి ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆయన ఏ ముఖం పెట్టుకుని తిరుగుతాడు?"

గుమ్మంలో యెషయా నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఆరాధనకు బట్టలు మార్చుకుందామని వచ్చినవాడు, ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. రెబ్కా చటుక్కున లేచి నిలబడింది. అతను లోపలికి వచ్చి, భార్య కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆ చెప్పు కట్టు ముడి విప్పసాగాడు. ముడి ఒక పట్టాన రాలేదు.

"నాకు తెలుసు ఆనందం" అన్నాడు తలెత్తకుండానే. "కూడిక రోజు నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు తిరిగి పట్టుకోలేదు. పెళ్ళయిన కాణ్ణించి నేను చెయ్యి పట్టుకుంటే నువ్వు తిరిగి పట్టుకోకుండా ఉన్నది ఎప్పుడైనా ఉందా? ఆ క్షణమే తెలిసింది. తెలిసి ఊరుకున్నాను. నలుగురిలో నోరు జారాను కదా, ఆ నోటితోనే కాదని ఎలా చెప్పను అనుకున్నాను. ఆ చెప్పు జారిన రోజు కూడా ఊరుకున్నాను. నా మాట నిలబెట్టడానికి నీ కాళ్ళు పోగొట్టుకోమన్నానే!"

గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చాడు ఆ పెద్దమనిషి. రెబ్కా వెళ్ళి అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆనందకుమారికి అతన్ని తిట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది, రెండూ చేయలేక కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఒకే గదిలో, ఒకే మంచం మీద, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే అబద్ధాన్ని కాపాడారన్నమాట.

సోమవారం పొద్దున డ్యూటీలో చేరడానికి రావాల్సిన మనిషి, ఒకవైపు భర్త, ఒకవైపు రెబ్కా పట్టుకుంటే కాలీడ్చుకుంటూ వచ్చింది. భల్లాగారు ఆశ్చర్యపడ్డారు. కూర్చోబెట్టి, కళ్ళు మూయమని పిన్నీసు తీశారు.

"అబ్?"

టిక్కుమంది. ఆవిడ నోట్లో మాట తయారుగానే ఉంది. పెదవి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"తెలియదు, డాక్టర్‌సాబ్. మీరు ముట్టుకున్నారో లేదో కూడా తెలియదు. ఐదో రోజు నుంచీ తెలియదు. మీ కడియం చప్పుడు విని చెబుతున్నాను."

ఆయన తిడతారనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన రోగులు కూర్చునే స్టూలు లాక్కుని కూలబడి, తన కడియం వంక చూసుకున్నారు. "ఆప్ భీ, సిస్టర్? మీరు కూడానా?" అన్నారు. తరువాత, "మొదటి వారంలో చెప్పి ఉంటే చేతికి నేను హామీ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు కాళ్ళు నిలబెట్టడానికి కోస్తాను. చేతి గురించి మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మెడ మళ్ళీ కోశారు. కుట్ల లోపల నీరు చేరి, సంచిలా ఉబ్బి, నరాన్ని ఎముక కన్నా గట్టిగా నొక్కుతోంది. తీసేశారు. తరువాతి ఆదివారం యెషయా సంఘంలో నిలబడి, మేము తొందరపడి సాక్ష్యం చెప్పాం, మా కోసం మళ్ళీ ప్రార్థన చేయండి అని అడిగాడు. కొందరు గుసగుసలాడారు. ఆ ముసలమ్మలు మాత్రం మళ్ళీ ఉపవాసం కూర్చున్నారు.

ఆనందకుమారి తన వార్డులోనే, తను ఎందరినో పడుకోబెట్టిన మంచాల్లో ఒకదాని మీద పడుకుంది. హోలీ వెళ్ళింది. ఎండలు ముదిరాయి. కిటికీకి కూలరు బిగించారు. కాళ్ళు ఒక్కొక్కటే దారికొచ్చాయి, ఇద్దరు పట్టుకుంటే వరండా చివర దాకా నడవగలుగుతోంది. చెయ్యి మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంటోంది. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడ ఎదురుగానే తడుముకుంటూ ఇంజెక్షన్లు ఇస్తుంటే, అవతల రోగి కెవ్వుమంటుంటే, ఆవిడ దుప్పటి కొరుక్కుంటూ పడుకునేది. చచ్చిపోతే బాగుండునని యెషయాతో ఒకసారి అంది. అతను ఆవిడ జుట్టు చిక్కు తీశాడు.

రెబ్కా రోజూ డ్యూటీ దిగే ముందు వచ్చి పరీక్ష చేసేది. గాజులు తీసి, గడియారం తీసి, పిన్నీసు పట్టుకునేది. ఒక్కోసారి ముట్టేది, ఒక్కోసారి ముట్టేది కాదు.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

ఎన్ని రోజులో! ఆ "లేదు" అనడానికి మొదట్లో ఆవిడకు ప్రాణం పోయినంత పనయ్యేది. తరువాత తరువాత అదే అలవాటైంది. రెబ్కాయే పిన్నీసు మూసేసి, "రేపు చూద్దాంలే అక్కా" అనేది.

మే నెలలో ఒక సాయంత్రం. కూలరు గడగడలాడుతోంది. రెబ్కా చిటికెనవేలితో మొదలుపెట్టింది. లేదు. ఉంగరపు వేలు. లేదు. నడిమి వేలు, చూపుడు వేలు. లేదు, లేదు. ఆనందకుమారి కళ్ళు మూసుకుని, సగం నిద్రలోనే అంటోంది.

"ఇప్పుడు?"

ఆనందకుమారి నోరు తెరిచింది. "లేదు" అనలేదు.

"ఇప్పుడు, అక్కా?"

"నువ్వు గుచ్చావా?"

"మీరే చెప్పాలి."

"నాకు తెలీదే! గుచ్చినట్టే ఉంది" అంది ఆవిడ. "గుచ్చితే బాగుండునని అనుకుంటున్నానేమో. అప్పుడూ ఇలాగే అనేదాన్ని కదా. నా మాట నేనే నమ్మలేకపోతున్నాను రెబ్కా. నిజం చెప్పు. ముట్టావా, ముట్టలేదా?"

ఆవిడ మెడ వంచడానికి వీల్లేదు కదా, అందుకని రెబ్కా ఆ కుడిచేతిని పైకెత్తి కళ్ళ ముందుకు తెచ్చింది. ఆనందకుమారి కళ్ళు తెరిచింది. బొటనవేలి మీద ఆవగింజంత రక్తపు బొట్టు ఉంది. చూస్తుండగానే అది ఇంకొంచెం పెద్దదయింది.

నొప్పి తెలియకుండా సూది దించుతుందని పేరు పడ్డ మనిషి, ఆ బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని రెబ్కా ముఖం మీదికి చాపింది.

"ఇంకోసారి గుచ్చవే" అంది ఏడుస్తూ. "గట్టిగా."